కొండారెడ్డి బురుజు ఎక్కి చూస్తే అన్నీ నీళ్ళ ట్యాంకులే. నేనేమైనా మిస్సయ్యానా?

దేవుని_గడప
మాది కడప, ఉద్యోగం బెంగళూరు. మే నెలలో హైదరాబాద్‌లో పెళ్ళి చూసుకొని కార్లో వెనక్కి వస్తుంటే, కర్నూలు బోర్డు కనిపించగానే మా పాప "నాన్నా, సినిమాల్లో చూపించే బురుజు ఈ ఊర్లోదే కదా" అనింది. సరే చూసి పోదాం అని హైవే దిగినా. పాత బస్టాండ్ దగ్గర బండి పెట్టడానికి చోటు దొరికేసరికే అరగంట పోయింది. టైం పన్నెండున్నర. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తను కింద నీడలో కూర్చోబెట్టి, నేను, మా ఆవిడ, పాప ఎక్కినాం. మెట్లు ఇరుకు, లోపల చీకటి, పైకి వస్తే పెనం మీద నిలబడినట్టు ఉంది. ఇంతా చేసి ఏం కనిపించింది? నల్ల ట్యాంకులు, డిష్‌లు, కరెంటు తీగలు, హోర్డింగుల వీపులు. తుంగభద్ర ఎటుందో కూడా తెలీలా. ఐదు నిమిషాల్లో దిగొచ్చేసినాం. కింద అత్త "ఏముందప్పా పైన" అంటే చెప్పడానికి నాకు మాట రాలేదు. నెట్‌లో మాత్రం అందరూ "ఊరు మొత్తం అద్భుతంగా కనిపిస్తుంది" అని రాస్తారు. నిజంగా ఎక్కి రాస్తున్నారా, లేక ఒకరిది చూసి ఒకరు కాపీ కొడుతున్నారా?

ఉగ్గాని_బజ్జీ
మే నెల. మధ్యాహ్నం పన్నెండున్నర. కర్నూలు. ఇందులో బురుజు తప్పేముందో చెప్పన్నా.

సీక్యాంప్_సిన్నోడు
ఆ టైంలో మేమైతే పాలు తేవడానికి కూడా బయటికి పోము. నువ్వు రాళ్ళ మీదికెక్కినావు, అదీ పాపను తీసుకొని.

దేవుని_గడప
ఎండ సంగతి ఒప్పుకుంటా. కడపోడికి ఎండ గురించి చెప్తున్నారు చూడు. నేను అడిగింది వ్యూ గురించి.

గుత్తి_గాలి
వ్యూ కావాలంటే గుత్తికి రావాల. మీరు పోయే దారే కదా అది, హైవే మీదే ఉంది. దాదాపు వెయ్యి అడుగుల కొండ, పైన మురారిరావు (ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు) గద్దె అని చిన్న మంటపం, సరిగ్గా కొండ అంచున. అక్కడ కూర్చొని ఆయన చదరంగం ఆడేవాడని చెప్తారు. కిందికి చూస్తే రైలు కూడా అగ్గిపెట్టెలు జరిగినట్టే ఉంటుంది. మీ బురుజు మా కోటలో ఒక మూలకి రాదు, ఏమనుకోవద్దండి.

ఉగ్గాని_బజ్జీ
వచ్చినాడండీ. ఎవరైనా కర్నూలు అని టైప్ చేస్తే చాలు, గుత్తి నుంచి గాలి వీస్తుంది.

పాతబస్టాండ్
గడప అన్నా, నువ్వు చూసింది నిజమే, ట్యాంకులు ఉన్నాయి, తీగలు ఉన్నాయి. కానీ నువ్వు కోట అనుకొని ఎక్కినావు, అక్కడే తేడా కొట్టింది. కోట ఎప్పుడో పోయింది. విజయనగరం అచ్యుత దేవరాయల కాలంలో, అంటే 1529 నుంచి 1542 మధ్య, ఈ కోట కట్టారని చెప్తారు. తర్వాత నవాబుల చేతికొచ్చింది. 1839లో ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ చాటుగా మందుగుండు పోగేస్తున్నాడని ఇంగ్లీషోళ్ళు పట్టుకొని తిరుచినాపల్లి పంపించేశారు. ఆ తర్వాత 1860ల్లో కోటనే పడగొట్టేశారు. అక్కడక్కడా కొన్ని ముక్కలు మిగిలినాయి, ఈ బురుజు వాటిలో ఒకటి. ఎర్ర బురుజు ఇంకొకటి, దాని కింద ఎల్లమ్మ గుడి ఉంటుంది, బయటి ఊరోళ్ళు ఎవరూ పోరు.

అందుకని పైకెక్కినప్పుడు దూరం చూడకు, ముందు దగ్గర చూడు. ఉత్తరం దిక్కు తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ. రెండు ఏర్లు కలిసే మూలలో కోట కట్టినారు, రెండు పక్కలా కందకం తవ్వే పని లేదు. ఈ ఒక్క సంగతి తలలో పెట్టుకొని పైనుంచి చూస్తే గోడ ఎట్లా పోయుండాలో, వీధులు అట్లా ఎందుకు వంకర తిరిగినాయో కొంచెం కొంచెం అర్థమవుతుంది. లేదంటే నువ్వు చెప్పినట్టే, ట్యాంకులు.

దేవుని_గడప
ఇది బాగుందన్నా. కానీ ఇదంతా చెప్పే బోర్డు నాకు కనిపించలా. ఉంటే నేనే చదవలేదేమో, ఎండకి కళ్ళు బైర్లు కమ్మినాయి.

మిద్దె_మీద_వడియాలు
మీరంతా వ్యూ వ్యూ అంటున్నారు కదా, ఆ వ్యూ మా మిద్దె. బురుజుకి వంద మీటర్ల లోపలే మా ఇల్లు, మా మామగారి నాయన కట్టింది. ఎండాకాలం వడియాలు పెట్టుకుందామని మిద్దెక్కితే పైన బురుజు మీద వరసగా నిలబడి ఫోన్లు ఇటే తిప్పుతారు. ఒకసారి ఒక అబ్బాయి జూమ్ చేసి "ఆంటీ, ఏం వడియాలు" అని అరిచినాడు. గుమ్మడికాయ వడియాలు అని నేనూ అరిచి చెప్పినాను, ఏం చేయాల మరి.

ఇంకో బాధ చెప్తా. మా ఇంట్లో ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ పెళ్ళిళ్ళయినాయి, పైన ఒక అంతస్తు వేసుకుందామంటే కుదరదు. పాత కట్టడం పక్కన కట్టకూడదంట. ట్యాంకులు అసహ్యంగా ఉన్నాయని రాసిన అన్న, మా ఇంటికి నీళ్ళు రోజూ రావు. ట్యాంకు లేకపోతే మేము ఏం తాగాల?

దేవుని_గడప
అక్కా, క్షమించండి. అసహ్యం అనే మాట అనలేదు గానీ, భావం అదే, ఒప్పుకుంటా.

సీక్యాంప్_సిన్నోడు
"గుమ్మడికాయ వడియాలు" 😂😂

నల్లకోటు
అక్క చెప్పింది 1958 నాటి పురాతన కట్టడాల చట్టం సంగతి. 2010లో దాన్ని సవరించి గట్టి చేశారు. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్తగా కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకొనే కట్టాలి. మరమ్మతులకు మాత్రం వంద మీటర్ల లోపలైనా అనుమతి అడగొచ్చు. ఉన్న ఇల్లు కురుస్తుంటే బాగు చేసుకోవచ్చు, అంతస్తు లేపడం మాత్రం కష్టం. అక్కా, మరమ్మతు అయినా సరే ముందు కాగితం పెట్టుకోండి, మేస్త్రీ "ఏం కాదులేమ్మా" అంటే నమ్మొద్దు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఆ మాట నమ్మినవాళ్ళవే.

నాపరాయి
కఠినంగా మాట్లాడుతున్నా అనుకోవద్దక్కా, ఆ రూలు లేకపోతే ఈపాటికి బురుజు చుట్టూ ఐదంతస్తుల కాంప్లెక్సులు వచ్చేసేవి. పైకెక్కితే ట్యాంకులు కూడా కనిపించవు, బాత్రూం కిటికీలే. మా నాన్న చిన్నప్పుడు బురుజు మీదినుంచి సినిమా హాలు ముందు క్యూ ఎంతుందో చూసి దిగి పోయేవాళ్ళంట.

మిద్దె_మీద_వడియాలు
మీకు చూడ్డానికి బాగుండాలని మా కోడళ్ళు ఇద్దరూ ఒకే వంటింట్లో సర్దుకోవాలా? బురుజు కాపాడొద్దని నేను అనలే. మాకూ అది ఇంటి పెద్ద లాంటిదే, పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు చందమామ కంటే ముందు దాన్నే చూపిస్తాం. కానీ దాని ఖర్చు అంతా చుట్టూ ఉన్న మేము పెట్టుకుంటున్నాం, పేరు ఊరందరికీ.

నాపరాయి
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

హంద్రీ_2009
మిద్దెల మాట వచ్చింది కాబట్టి చెప్తా. గడప అన్నా, నువ్వు బురుజు మీదినుంచి మిద్దెల్ని చూసినావు. నేను మిద్దె మీదినుంచి బురుజును చూసినా, ఒక రోజు పైన.

2009 అక్టోబర్ 2. గాంధీ జయంతి, సెలవు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగినాయి, కింద శ్రీశైలం నిండిపోయి నీళ్ళు వెనక్కి తన్నినాయి. శ్రీశైలానికి ఆ రోజుల్లో దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చినాయని తర్వాత చెప్పినారు, ఆ రోజు మాకు లెక్కలు ఎవడికి తెలుసు. పొద్దున వీధిలోకి పాదం తడిసేంత నీళ్ళు, నాన్న సామాను మంచం మీదికి ఎత్తినాడు. కాసేపటికి మంచం తేలింది. అప్పుడు మిద్దెక్కినాం. మా ఇంట్లోవాళ్ళు ఆరుగురు, పక్కింటోళ్ళు ఐదుగురు, మొత్తం పదకొండు మంది, రెండు మేకలు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయినాయి. చీకటి పడేముందు చూస్తే చుట్టూ ఎర్రమట్టి నీళ్ళు, అక్కడక్కడ మిద్దెలు, మిద్దెల మీద మనుషులు, మధ్యలో బురుజు. అది కదలదు కదా, దాన్ని చూస్తుంటే కొంచెం ధైర్యంగా ఉండేది. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని మా అమ్మ దాన్ని చూసే లెక్క కట్టేది.

రాత్రికి ముందు ఒక బొరుగుల (మరమరాల) మూట తేలుతూ వచ్చింది, ఏ అంగడిదో. బట్టలారేసే వెదురు కర్రతో లాక్కున్నాం. పైన గోనె, లోపల ప్లాస్టిక్ సంచి మూతి బిగించి కట్టి ఉంది, ఒక్క బొరుగు తడవలా. పదకొండు మందిమి అవే తిన్నాం. ఉప్పు లేదు, కారం లేదు. మేకలకు కూడా పెట్టినాం.

నీళ్ళు తీసినాక మోకాలి లోతు బురద. నా టెన్త్ సర్టిఫికెట్లు ఇప్పటికీ ముడతలు పడే ఉన్నాయి. మా హాల్లో గోడ మీద నీళ్ళ గీత పైన నాన్న సున్నం కొట్టించలేదు, అట్లే వదిలేసినాడు.

పాతబస్టాండ్
మేము ఆ రోజు ఊర్లో లేము. తిరిగొచ్చి చూస్తే వీధుల్లో ఫ్రిజ్‌లు తలకిందులుగా. నువ్వు రాసింది చదువుతుంటే ఆ వాసన మళ్ళీ ముక్కుకి తగిలింది.

ఉగ్గాని_బజ్జీ
నా పేరు మార్చుకోవాలనిపిస్తోందన్నా. బొరుగులు అంటే ఇన్నాళ్ళూ వాటితో చేసే ఉగ్గాని, పొద్దున టిఫినే గుర్తొచ్చేది.

హంద్రీ_2009
మార్చుకోకు. నాకు ఇప్పటికీ ఉగ్గాని అంటే ప్రాణం. ఉప్పూ కారం ఉంటే ఇంకేం కావాల.

బెజవాడ_బాబాయ్
చదివి కదిలిపోయాం. కాసేపు తేలిక మాట. ఆ సొరంగం సంగతి నిజమేనా? బురుజులోంచి నది కింద నుంచి అవతల ఉన్న ఆలంపురం దాకా సొరంగం ఉందట కదా.

గుత్తి_గాలి
మా కోటలో కూడా ఉంది.

సీక్యాంప్_సిన్నోడు
ఆదోని కోటలో కూడా ఉందంట.

నల్లకోటు
సొరంగం లేని కోట ఈ సీమలో ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి చూసి దండం పెట్టుకొని వస్తా.

పాతబస్టాండ్
మా అబ్బ చెప్పే కథ ఇది. కొండారెడ్డి ఆలంపురాన్ని ఏలినవాడు. 17వ శతాబ్దంలో కర్నూలు నవాబు ఆయన్ని పట్టుకొచ్చి ఈ బురుజులో బంధించినాడు, అందుకే ఆ పేరు. ఆయన సొరంగం గుండా తప్పించుకొని పోయినాడని మా అబ్బ అనేవాడు. మా జేజి మాత్రం "తప్పించుకునింటే పేరు బురుజుకెందుకు పెడతారు, అక్కడే పోయినాడు" అనేది. ఇద్దరూ చచ్చేదాకా ఈ విషయంలో రాజీ పడలే. నా మటుకు నాకు జేజి మాటే లాజిక్‌గా ఉంది.

బెజవాడ_బాబాయ్
"మా అబ్బ" ఏంటండీ, ఎవరినో తిడుతున్నారనుకున్నా.

పాతబస్టాండ్
మా దిక్కు తాతను అబ్బ అంటాం, నానమ్మను జేజి. మీ దిక్కు అబ్బ అంటే దెబ్బ తగిలినప్పుడు వచ్చే మాట కదా.

నాపరాయి
సొరంగం సంగతి కొంచెం బుర్ర పెట్టి ఆలోచించండి. తుంగభద్ర కింద రాతి పొర తొలుచుకుంటూ అంత దూరం తవ్వాలంటే నీళ్ళు ఊరకుండా ఎట్లా ఆపుతారు, గాలి ఎట్లా వస్తుంది? మాది బేతంచెర్ల దిక్కు నాపరాయి క్వారీల వ్యాపారం, ఇరవై అడుగులు దిగితేనే పంపులు పెట్టి నీళ్ళు తోడుతూ ఉండాలి. కోటలో చిన్న దొంగదారి ఉండి ఉండొచ్చు, అది ఏటి గట్టు దాకా పోయుండొచ్చు. ఆలంపురం దాకా అంటే మాత్రం ఆ కథ చెప్పినాయన ఎప్పుడూ పలుగు పట్టలేదని అర్థం.

గుత్తి_గాలి
కథ కథలా ఉండనీయండి సార్. ఆ మాటకొస్తే కర్నూలు పేరే ఒక కథ కదా, ఆలంపురం గుడికి రాళ్ళు తోలే బండ్లు ఇక్కడ ఏరు దాటేముందు ఆగి చక్రాలకు కందెన పూసుకునేవంట, అందుకని కందెనవోలు. దాన్ని కూడా కొట్టేస్తారా?

నాపరాయి
బండికి కందెన పూయడం జరిగే పని. దాన్ని నమ్ముతా.

గుర్రుపెట్టే_గుమాస్తా
రిటైరయినాను, ఈ గుంపులో అందరికంటే పెద్దవాణ్ణి నేనే అనుకుంటా. బురుజు మీద నుంచి మా నాయన నాకు చూపించింది కోట కాదు, గుడారాలు ఉన్న స్థలం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆయన మద్రాసు నుంచి గుమాస్తాగా వచ్చినాడు. కట్టడాలు చాల్లేదు, ఆఫీసులు గుడారాల్లో. గాలి వస్తే ఫైళ్ళు ఎగిరిపోతాయని ప్రతి గుమాస్తా బల్ల మీద రెండు మూడు ఏటి రాళ్ళు పెట్టుకునేవాళ్ళంట, ఎవరి రాళ్ళు వాళ్ళవి, పక్కవాడు తీసుకుంటే గొడవ. మూడేళ్ళు. 1956 నవంబర్ 1కి అంతా హైదరాబాద్. మా నాయన పోలేదు, ఇక్కడే బదిలీ అడిగి ఉండిపోయినాడు. ఆ రాయి ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, ఊరగాయ జాడీ మూత మీద బరువుకి పెడుతుంటాం.

సీక్యాంప్_సిన్నోడు
రాజధాని పోయింది, రాయి మిగిలింది. పెద్దాయనా, మీ పేరు సూపర్.

ఒకప్పటి_ప్రేమికుడు
ఎవరూ అడగలేదు గానీ ఒక తప్పు ఒప్పుకుంటా. 1998లో డిగ్రీ చదివేటప్పుడు బురుజు లోపల గోడ మీద బొగ్గుతో నా పేరు, ఇంకో పేరు రాసి మధ్యలో గుండె బొమ్మ వేసినా. పోయినేడు మా ఆవిడతో, పిల్లలతో ఎక్కినా. ఆ గోడ దగ్గరికి రాగానే నా గుండె ఆగినంత పని అయింది. తుడిచేసినారో, వానకి పోయిందో, లేదు. దేవుడున్నాడు.

ఉగ్గాని_బజ్జీ
ఆ ఇంకో పేరు వదినది కాదని అర్థమైపోయిందిలే అన్నా.

నల్లకోటు
రక్షిత కట్టడం మీద రాసినా గీసినా ఇప్పుడు రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీరు 1998లో రాశారు కాబట్టి 2010 సవరణ మీకు వర్తించదు. వదినగారి కోర్టులో మాత్రం నేను వాదించలేను.

ఒకప్పటి_ప్రేమికుడు
లాగౌట్ అవుతున్నా.

కేసీ_కాలువ
అసలు ప్రశ్నకి వద్దాం. మేము ఏడాదికి రెండు మూడు సార్లు ఎక్కుతాం, చుట్టాలొస్తే తప్పదు. నా అనుభవం ఇది. ఏప్రిల్, మే, జూన్ వద్దు, రాయి వేడికి చెప్పుల్లోనుంచి కూడా కాలుతుంది. ఏట్లో నీళ్ళుండవు, రాళ్ళూ ఇసుకా కనిపిస్తాయి, అందుకే గడప అన్నకి నది ఎటుందో తెలీలేదు, కళ్ళ ముందున్నా ఏరు అనుకోడు. వానలు పడి పైన సుంకేసుల బరాజ్ నుంచి నీళ్ళు వదిలినాక, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా, ఉత్తరం దిక్కు ఇళ్ళ సందుల్లోంచి నీటి మెరుపు కనిపిస్తుంది. పొద్దునే రావాల, లేదా సాయంత్రం నాలుగున్నరకి. పొద్దు గుంకేదాకా కూర్చోవచ్చులే అనుకోవద్దు, దించేస్తారు. సొంత బండి పాత ఊర్లోకి తేవద్దు, కొత్త బస్టాండ్ దిక్కు ఎక్కడైనా పెట్టి షేర్ ఆటో ఎక్కితే గొడవ లేదు. పెద్దవాళ్ళుంటే కిందే కూర్చోబెట్టండి, గడప అన్న ఆ ఒక్క పని కరెక్టుగా చేసినాడు.

ఇంకోటి అన్నా. మీ కడపకి నీళ్ళు తెచ్చే కాలువ సుంకేసుల దగ్గరే మొదలవుతుంది. కర్నూలు కడప కాలువ, కేసీ కెనాల్. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది, సేద్యానికి, పడవలకి కూడా. ఇక్కడ కోట పడగొట్టిన రోజుల్లోనే అక్కడ కాలువ తవ్వినారన్న మాట. ఊర్లో ఆ కాలువ గట్టు మీదికి కూడా మీ పాపను తీసుకుపో, "ఈ నీళ్ళు మనూరికి పోతున్నాయి" అని చెప్పు, బురుజు కంటే దానికి అదే గుర్తుంటుంది.

దేవుని_గడప
కేసీ కెనాల్ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే, అది ఎక్కడ మొదలవుతుందో ఇప్పటిదాకా ఆలోచించలే. సిగ్గుగా ఉంది. వానాకాలంలో మళ్ళీ వస్తా. ఈసారి ముందు మీ అందరి పోస్టులు పాపకి చదివి వినిపిస్తా, ప్రేమికుడిది తప్ప.

గుత్తి_గాలి
వచ్చేటప్పుడు గుత్తి కూడా...

నాపరాయి
గుత్తి కోట గొప్పదే, ఒప్పుకుంటాం. 1776లో హైదర్ అలీ ముట్టడిస్తే లోపల నీళ్ళు అయిపోయి లొంగిపోవాల్సి వచ్చింది కదా మురారిరావుకి. మీ కోట పైన ట్యాంకులు లేవు, అదే సమస్య అయింది.

మిద్దె_మీద_వడియాలు
హహ్హ, ఈ రోజు నాపరాయి తమ్ముణ్ణి క్షమించేసినా.

గుత్తి_గాలి
ఇది దెబ్బ. ఒప్పుకున్నా. అబ్బ అంటున్నా, బెజవాడ అర్థంలో.

మిద్దె_మీద_వడియాలు
గడప అన్నా, మీరు మళ్ళీ వచ్చే ముందు రోజు ఇక్కడ ఒక మాట రాయండి. మా మిద్దె మీద ఎర్ర టవల్ ఆరేస్తా. పైనుంచి కనిపెట్టండి చూద్దాం. ఏ దిక్కో చెప్పను. కనిపించినా ఇక్కడ రాయకూడదు, మళ్ళీ జనం ఫోన్లు పట్టుకొని వస్తారు.

సీక్యాంప్_సిన్నోడు
ఈ పోటీలో నేనూ ఉన్నా అక్కా. గెలిస్తే వడియాలు.

దేవుని_గడప
(సెప్టెంబర్) మూడు నెలలయింది, ఎవరైనా ఇంకా ఇక్కడ ఉన్నారా? రేపు ఆదివారం పొద్దున వస్తున్నాం. నేను, పాప మాత్రమే, రాత్రి బస్సు. అక్కా, టవల్.

మిద్దె_మీద_వడియాలు
వాన పడకపోతే ఆరేస్తా.

దేవుని_గడప
వచ్చినాం, ఎక్కినాం, దిగినాం. ఇప్పుడే పాత బస్టాండ్ దగ్గర ఉగ్గాని తిని రాస్తున్నా, బజ్జీ ఇంకా చేతిలోనే ఉంది, అక్షరాలు తప్పుపోతే ఏమనుకోవద్దు.

పొద్దున ఎండ మెత్తగా ఉంది. ముందు ఉత్తరం దిక్కు నిలబడి చూసినాం, కేసీ కాలువ అన్న చెప్పినట్టే ఇళ్ళ సందుల్లో ఏరు తళుక్కుమంటోంది, అది నీళ్ళేనా రేకుల కప్పా అని మాకిద్దరికీ కాసేపు వాదన. పాప వీధులు లెక్కపెట్టింది. హంద్రీ అన్న రాసింది దానికి చదివి వినిపించినా కదా, "ఆ నీళ్ళు ఎంత దాకా వచ్చింటాయి నాన్నా" అని గోడ పట్టుకొని కిందికి వంగి చూస్తానే ఉంది. తర్వాత ఏం మాట్లాడలేదు, కాసేపాగి "మేకలు ఏమైనాయి" అని అడిగింది. హంద్రీ అన్నా, దీనికి నువ్వే జవాబు చెప్పాల, నాకు తెలీదన్నా.

వ్యూ గురించి నా మాట పూర్తిగా మార్చుకోను. హోర్డింగులు హోర్డింగులే, తీగలు తీగలే. దూరం చూద్దామని వచ్చినోడికి గుత్తే పోవాల. కానీ ఈసారి ముక్కాలు గంట ఉన్నాం, దిగుదామంటే పాప రానంది.

అక్కా, టవల్ సంగతి. ఎర్ర టవల్ మూడు మిద్దెల మీద ఉంది. ఒకచోట రెండు కూడా ఉన్నాయి.

మిద్దె_మీద_వడియాలు
అయ్యో దేవుడా. ఆదివారం కదా, అందరూ తలంటుకుంటారు.

హంద్రీ_2009
పాపకి చెప్పన్నా, మేకలు రెండూ బతికినాయి. ఒకటి ఆ చలికాలంలో ఈనింది, రెండు పిల్లలు. మా అమ్మ వాటిని అమ్మనివ్వలే.

సీక్యాంప్_సిన్నోడు
నేను కూడా పొద్దున ఎక్కినా. మూడో మిద్దె. నీలం ట్యాంకు పక్కన. అవునా కాదా అక్కా?

మిద్దె_మీద_వడియాలు
రాయొద్దన్నానా లేదా? మాది నల్ల ట్యాంకు. వడియాలు లేవు పో.